నీలికొండ తేనె బాకీ

ఒకే మొర రెండు గడపల్లో పెట్టుకుంటే, ఆ మొర విన్నది ఎవరు? ఈ సందేహం రనైవును ఇరవై ఏళ్ళ పైనుంచి అంటిపెట్టుకుని ఉంది. అతను పెద్ద దీవికి రాజధాని అయిన తానా నగరంలో టాక్సీ నడుపుతాడు. ఆదివారాల్లో తమ పేట చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరుగుతాడు. పెద్ద చదువు లేదు గానీ బైబిలు రోజూ చదువుతాడు, చదివినదాన్ని గురించి స్టీరింగు దగ్గర కూర్చుని నెమ్మదిగా ఆలోచిస్తాడు. ఎన్నో సంగతులు పాస్టరు గారిని అడిగి తెలుసుకున్నాడు. ఈ ఒక్కటి మాత్రం ఆయన్ని అడగలేదు, భార్య ఫాంజాకూ చెప్పలేదు.

ఫాంజాకు నెలలు నిండిన రోజుల్లో అతను ఇద్దరు సందర్శకులను ఎక్కించుకుని, ఊరి బయట పాతకాలపు రాజుల కోట ఉన్న నీలికొండకు వెళ్ళాడు. వాళ్ళు కోటలోకి వెళ్ళారు. ఇంతలో ఇంకో టాక్సీ డ్రైవరు వచ్చి, "రనైవూ, మీ ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళారయ్యా. బిడ్డ అడ్డం తిరిగిందట," అని చెప్పాడు. రనైవు సందర్శకుల కోసం కోటలోకి పరుగెత్తాడు. దారిలో, ద్వారం దాటగానే ఈశాన్యం మూలన జనం ఆ రాజుల పేర మొక్కులు చెల్లించే నల్లరాయి కనబడింది. ఆగాడు. "తల్లీ బిడ్డా దక్కితే సీసాడు తేనె తెచ్చి పోస్తాను" అన్నాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు. ఊళ్ళోకి వచ్చాక ఆసుపత్రికి పోతూ పోతూ చర్చి ముందు కారాపి, మోకాళ్ళమీద కూలబడి దేవుణ్ణీ వేడుకున్నాడు. ఆసుపత్రికి చేరేసరికి ఫాంజా అలిసిపోయి నవ్వుతోంది. పక్కన బిడ్డ మియాలీ, ఎర్రగా, గుప్పెళ్ళు బిగించి.

బిడ్డ ఎన్ని గంటలకు పుట్టిందని అతను నర్సును అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది. కొండ మీద మొక్కుకున్నాక పుట్టిందా, చర్చిలో మోకరిల్లాక పుట్టిందా? తేనె పోస్తే, దేవుడి మేలును పాతకాలపు రాజుల ఖాతాలో వేసినట్టు. పోయకపోతే, ఇచ్చిన మాట తప్పినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇక అక్కణ్ణించి మొదలైంది ఆ తేనె కథ. ఏటా లీచీపూల తేనె దిగే రోజుల్లో రనైవు ఒక సీసా కొని కారులో పెట్టుకుంటాడు. సందర్శకులతో నీలికొండకు వెళ్తాడు. ద్వారం దాకా వెళ్ళేసరికి సందేహం కారు కంటే ముందే అక్కడికి చేరి కూర్చుని ఉంటుంది. "నాకు మోకాలు నొప్పండీ, మీరు చూసి రండి," అని వాళ్ళను పంపించి, తను కాఫీ బడ్డీ దగ్గర కూర్చుంటాడు. కొన్నాళ్ళకు ఆ సీసా ఇంటికి వస్తుంది. మియాలీ దాన్ని పొద్దున్నపూట బియ్యప్పిండి రొట్టెల మీద పోసుకుని తింటుంది. ఆ మోకాలు కొండ దగ్గర తప్ప ఇంకెక్కడా నొప్పెట్టదన్న సంగతి ఫాంజా కనిపెట్టింది గానీ, ఎందుకో తెలియక నవ్వి ఊరుకునేది.

ఇప్పుడు ఆ మియాలీకి గైడు పరీక్ష వచ్చింది. పరీక్ష అంటే కాగితం మీద రాసేది కాదు. పరీక్ష చేసే ఆవిడను సందర్శకురాలిలా వెంటబెట్టుకుని ఊరంతా చూపించాలి. అది గట్టెక్కితేనే మెళ్ళో గుర్తింపు బిళ్ళ పడుతుంది, కోటల దగ్గరా తోటల దగ్గరా నిలబడి మాట్లాడే హక్కు వస్తుంది. పోతే మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. మియాలీకి చిన్నప్పటినుంచీ ఇదొక్కటే కోరిక. నాన్న కారులో వెనక సీట్లో పడుకుని, ముందున్న గైడ్లు చెప్పే కబుర్లు వింటూ పెరిగిన పిల్ల.

ఆ రోజు ఫాంజా కోడి కూయక ముందే లేచింది. మంచి పనికి పోయే పిల్ల మంచి తిండి తిని పోవాలని దంచిన కసావా ఆకుతో, అదే కర్రపెండలం ఆకుతో, పందిమాంసం వండింది. ఆ వాసనకు పక్కింటివాళ్ళు కూడా లేచారు.

"మియాలీ నాన్నా, ఇలా రా. ఉప్పు చూడు."

రనైవు చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఉప్పు చూడ్డానికి గిన్నెడన్నం కావాలేంటి నీకు?" అంది ఫాంజా.

"అన్నంలో కలిపితేగా తెలిసేది సరిపోయిందో లేదో."

"నాకొద్దమ్మా," అంది మియాలీ. "నా కడుపులో ఇప్పుడు రాజులూ రాణులూ తప్ప దేనికీ చోటు లేదు."

ఫాంజా మూతి ముడుచుకుని, మిగిలిందంతా క్యారేజీలో సర్ది కారులో పెట్టింది. "అనూసీ చెరువు గట్టున కూర్చుని ఆవిడగారిక్కూడా పెట్టండి. కడుపు నిండినవాళ్ళు మార్కులు కోయరు." గడప దగ్గర రనైవు ఒక గ్లాసు నీళ్ళు తీసుకుని, పెద్దలు చేసినట్టే నాలుగు చుక్కలు కూతురి నెత్తిన చల్లి దీవించాడు.

"నాన్నా, కొంచెమే. జుట్టు దువ్వుకున్నా."

"దీవెనకు కొలతుంటుందా తల్లీ," అని ఇంకో రెండు చుక్కలు చల్లాడు.

పరీక్ష చేసే ఆవిడ పేరు మదాం రజానా. అరవై దాటిన మనిషి. గడ్డి టోపీ, నల్ల గొడుగు, ముక్కు చివర కళ్ళద్దాలు. ముందు సీట్లో కూర్చుని, పాదాల పక్కనున్న రెండు సీసాలనూ గొడుగు కొనతో చూపించింది. ఒకటి పెట్రోలు, తానాలో పాత మీగడరంగు టాక్సీలన్నీ లీటరు కొనుక్కుని లీటరు తాగే బాపతే. రెండోది ఆ ఏటి తేనె.

"డ్రైవరు గారూ, ఈ రెంట్లో తాగేదేది?"

"ఒకటి కారు తాగుద్ది మదాం. ఒకటి మా అమ్మాయి తింటుంది."

"తారుమారు కాకుండా చూసుకోండి. కారు తియ్యగా మాట్లాడి, పిల్ల పొగ వదిలితే కష్టం," అంది ఆవిడ, నవ్వకుండా.

పెద్దగుట్ట మీది రాణి కోట దగ్గర మియాలీ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఏ రాణి ఎప్పుడు కట్టించింది, రాయి ఎక్కడిది, కర్ర ఎక్కడిది, అగ్నిప్రమాదంలో ఏది కాలింది, మళ్ళీ ఏది కట్టారు. ఒక్క తప్పు లేదు. ఊపిరి కూడా తీసుకోలేదు. కిందంతా ఊరు. ఎర్రటి ఇళ్ళు, మెట్ల బజారు, దూరంగా పచ్చటి వరిమళ్ళు. మదాం రజానా అటు చూస్తూ నిలబడింది.

"బాగా చదివావమ్మా. ఇదంతా అక్కడ గోడమీద పలక కూడా చెబుతోంది. మరి నువ్వెందుకు?"

మియాలీ ముఖం వాడిపోయింది.

అనూసీ చెరువు చుట్టూ జకరండా చెట్లు విరగబూసి నేలంతా ఊదారంగు పరుచుకుంది. పెళ్ళికూతుళ్ళు వరసలో నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మియాలీ ఆ చెట్లను ఎవరు తెచ్చారో, ఎప్పుడు నాటారో చెప్పింది. జంతువుల తోటలో కోతుల్లాంటి లెమూర్లు తోకలు వేలాడేసుకుని చూస్తుంటే వాటి జాతులన్నీ ఏకరువు పెట్టింది. ఒక లెమూరు ఆవలించింది.

"చూశావా, దానికీ తెలుసీ సంగతులన్నీ," అంది మదాం రజానా. కాగితం మీద ఏదో గీసుకుంది.

కారు దగ్గర మియాలీ తండ్రి చెవిలో గొణిగింది. "పోయింది నాన్నా. నేను చిలకలా చెబుతున్నాననేగా ఆవిడ అనేది."

"చిలకను చూడ్డానికే కదమ్మా జనం తోటకొచ్చేది."

"నాన్నా!"

"సరే సరే. ఆవిడ ఆకలి మీదున్నట్టుంది. అన్నం పెడదాం, చల్లబడుద్ది."

కానీ మదాం రజానా కారెక్కి తలుపు వేసుకుంది. "భోజనం తర్వాత చూద్దాం. ఆఖరి చోటు నా ఇష్టం. నీలికొండకు పోనివ్వండి."

రనైవు తాళం తిప్పబోయి ఆగాడు. ఇవాళ ఊళ్ళోవే అన్నారు కదా! మదాం కాళ్ళ పక్కన తేనె సీసా కుదుపులకు పెట్రోలు సీసాను టకటకా తడుతోంది. దారి పొడుగునా అతను లోలోపల వాదించుకుంటూనే ఉన్నాడు. ఇన్నేళ్ళ బాకీ, ఆ బాకీ ఎవరి కోసం పడిందో ఆ పిల్ల పరీక్ష, ఆ గడప దగ్గరే! మాట తప్పినవాడి కూతురికి ఆ ద్వారం దారిస్తుందా? దేవుడు అలాంటివాడు కాదని అతనికి తెలుసు. కొండ ఎలాంటిదో మాత్రం తెలియదు. దిగుడు వచ్చినప్పుడల్లా పెట్రోలు ఆదాకు అలవాటు ప్రకారం ఇంజను ఆపేసి కారును వదిలేస్తుంటే, ఆ నిశ్శబ్దంలో సీసాల చప్పుడు మరీ పెద్దదయ్యేది. వరిమళ్ళు, బాతుల గుంపులు, ఇటుక బట్టీల పొగ వెనక్కి పోయాయి. ఎదురుగా కొండ నిజంగానే నీలంగా లేచింది. ఈసారి పోసేస్తాను, ఏమైతే అదవుతుంది, అనుకున్నాడు. అనుకున్నాక మోకాలు కూడా తేలికైంది.

ద్వారం దగ్గర, పూర్వం కోట మూయడానికి దొర్లించే బండరాతి చక్రం పక్కన, మియాలీ నిలబడి చేతులు కట్టుకుంది.

"లోపలికి వెళ్ళేముందు అందరినీ ఒక మాట అడగాలి. ఈ కొండమీద పందిమాంసం నిషిద్ధం. మీ దగ్గర ఉందా? ఇవాళ తిన్నారా?"

"లేదు, తినలేదు. కాఫీ, రొట్టె," అంది మదాం రజానా.

"డ్రైవరు గారూ, మీరూ?" అంది మియాలీ, వరసకు అడగాలి కాబట్టి, చిన్నగా నవ్వుతూ.

రనైవు చేతిలో తేనె సీసా ఉంది.   వెనక కారు కిటికీలోంచి, ఎండకు కాగి, ఫాంజా వంట ఘుమఘుమలాడుతూ ద్వారం దాకా వచ్చింది.

అబద్ధం చెప్పడానికి అతని నోరు తిరగదు. అందులోనూ ఆ వాసన ముందు.

"తిన్నానమ్మా," అన్నాడు. "కారులో కూడా ఉంది."

మదాం రజానా కలం మూత తీసింది.

అదే సమయానికి రనైవు జేబులో ఫోను మోగింది. ఫాంజా.

"మియాలీ నాన్నా, ఆవిడ తిన్నదా? ఏమంది?"

"ఏం వండావే నువ్వు! ఎక్కడున్నామో తెలుసా? నీలికొండ ద్వారం ముందు!"

అవతల గరిట కింద పడ్డ చప్పుడైంది. తర్వాత, "ఓరి దేవుడా! చెరువు అన్నావుగా! నేనింకా చేపలు వండుదామనుకుని, పిల్లకిదంటే ఇష్టమని... దింపెయ్, ముందా క్యారేజీని కొండ దింపెయ్!"

"క్యారేజీని దింపుతా. నా పొట్టలోదాన్నెలా దింపను?"

మియాలీ అప్పటికే కదిలింది. ఈసారి పుస్తకంలో ఏముందా అని ఆలోచించలేదు. కారు తాళాలు లాక్కుని, క్యారేజీతో సహా కారును తనే దిగువనున్న కాఫీ బడ్డీ దాకా తీసుకెళ్ళి ఆపింది. బడ్డీ ఆమెకు క్యారేజీ అప్పగించి, "అక్కా, మేమొచ్చేదాకా నీ దగ్గరుంచు. మూత మాత్రం తియ్యకు," అని చెప్పి, చేతులు కడుక్కుని రొప్పుతూ పైకి వచ్చింది.

"మదాం, తప్పు నాదే. బయల్దేరేముందే అడగాల్సింది. డ్రైవరు గారు ఇక్కడే ఉంటారు. మనం కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్దాం."

"మియాలీ," అన్నాడు రనైవు. సీసా అందించాడు. "ఇది కూడా తీసుకెళ్ళమ్మా."

"ఇదా? ఇది ఇంటికి కదా, ఎప్పట్లాగే?"

"ఎప్పుడూ ఇంటికి కాదు. ఎప్పుడూ ఇక్కడికే. నేను ఇవ్వలేక ఇంటికి తెచ్చేవాణ్ణి."

ఇక దాచడానికేముంది? ద్వారం బయట నిలబడి, మదాం రజానా వింటుండగానే చెప్పేశాడు. నల్లరాయి దగ్గర అన్న మాట, చర్చి గడపలో మోకరిల్లిన వైనం, బిడ్డ పుట్టిన వేళ నర్సును అడగకుండా వదిలేసిన సంగతి. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. చర్చిలో పళ్ళెం పట్టుకునే మనిషి! లోపల మొక్కుల రాయిని కనిపెట్టుకుని ఉండే రకేతాకా అవ్వ తెల్లటి శాలువా కప్పుకుని నెమ్మదిగా ద్వారం దాకా వచ్చి, బండచక్రానికి ఆనుకుని అంతా వింది.

"నువ్వా!" అంది అవ్వ. "ఏటేటా సీసా పట్టుకొచ్చి, కాఫీ తాగి, సీసా పట్టుకుపోయేవాడివి నువ్వేగా? నీది వ్యాపారమనుకున్నా. ఎవరూ కొనట్లేదేమో పాపం అని ఓసారి నేనే కొందామనుకున్నా కూడా."

మదాం రజానా గొడుగు చాటున దగ్గింది.

"అవ్వా, నన్ను తిట్టు గానీ ఒకటి చెప్పు," అన్నాడు రనైవు. "నేను అడిగింది నీ కొండనీ, నా దేవుణ్ణీ. విన్నదెవరు? అది తెలీకుండా తేనె ఎవరి పేర పొయ్యాలి?"

"నేను పోసేటప్పుడు ముందు ఎవర్ని పిలుస్తానో ఎప్పుడైనా విన్నావా?"

"లోపలికొస్తేగా వినేది."

"సృష్టికర్తని. ఆయన తర్వాతే కొండదొరలు, ఈ పాత రాజులు. మా తాత అలాగే పిలిచాడు, మా అమ్మా అలాగే పిలిచింది. ఆయన్ని వదిలేసి మేమిక్కడేదో సొంతంగా నడుపుతున్నామనుకున్నావా?"

 రనైవు చేతిలో ఉన్న ఫోనులోంచి "ఏమయిందక్కడ? ఎవరు మాట్లాడేది?" అని ఫాంజా కేకలు పెడుతూనే ఉంది. అతను పెట్టేయడం మరిచిపోయాడు.

"ఫాంజా," అన్నాడు. "ఆ రోజు పిల్ల ఎన్నిగంటలకు పుట్టింది?"

"ఇప్పుడా అడగడం!"

"చెప్పవే."

"నాకేం తెలుసు? గడియారం చూసుకుంటూ కన్నానా? నేనరిచిన అరుపులకి నీ కొండా వినుంటుంది, పరలోకమూ వినుంటుంది, ఎదురింటి చెవిటి తాత కూడా వినుంటాడు. నువ్వేదో సాయంత్రం నింపాదిగా వచ్చి, నా వల్లే పుట్టిందనుకుంటున్నావా? క్యారేజీ దింపావా లేదా?"

మియాలీ పగలబడి నవ్వింది. పొద్దున్నుంచీ అదే మొదటి నిండు నవ్వు.

మదాం రజానా మాత్రం కలం పట్టుకునే ఉంది. "సరే. మియాలీ గారూ, నేను దూరదేశం నుంచొచ్చాననుకోండి. ఇదంతా చూశాను. నాకేం అర్థంకాలేదు. ఈ కొండకు జనం ఇంకా ఎందుకొస్తారు? చెప్పండి."

రనైవు కూతురి వంక చూశాడు. ఆమె కళ్ళు ఒకసారి పైకి వెళ్ళాయి, కంఠతా పట్టిన పేజీ కోసం. తర్వాత చేతిలోని సీసా మీదికి దిగాయి.

"మా నాన్నకు భయమేసిన రోజున ఇది దారిలో ఉంది మదాం. అందుకాగాడు. చర్చి కూడా దారిలోనే ఉంది, అక్కడా ఆగాడు. భయమేసినవాడు అడుగడుక్కీ ఆగుతాడు. ఎవరు విన్నారో నాకు తెలీదు. తేనె మాత్రం ఇన్నేళ్ళూ నేనే తిన్నాను, ప్రతి చుక్కా, రొట్టెల మీద పోసుకుని. కాబట్టి బాకీ నాది కూడా. మీరు కొంచెం ఆగితే, ముందది తీర్చేసి, తర్వాత మీకు రాజుగారి ఇల్లు చూపిస్తాను. దాని సంగతులు పలకమీద కూడా ఉన్నాయి, కావాలంటే చదువుకోండి."

మదాం రజానా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కలానికి మూత పెట్టి సంచిలో వేసుకుంది.

"ఇది పలకమీద లేదు," అంది. "పదండి గైడు గారూ. అన్నట్టు డ్రైవరు గారూ, కిందికి వెళ్ళాక నాక్కూడా ఆ కసావా ఆకు కూర పెట్టాలి. పొద్దున్నుంచీ ఆ వాసనకు నేను పడ్డ అవస్థ దేవుడికే తెలుసు."

"ఫలానా దేవుడికి అని చెప్పండి మదాం, లేకపోతే మా నాన్న మళ్ళీ ఆలోచనలో పడతాడు," అంది మియాలీ.

ఆమె కుడికాలు ముందు పెట్టి, మదాం రజానాను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళింది. నల్లరాయి ద్వారానికి దగ్గర్లోనే ఉంది, బయటినుంచి చూస్తే పూర్తిగా కనబడుతుంది. రకేతాకా అవ్వ మూడొంతుల దూరం నడిచి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఓయ్, పందిమాంసం! నువ్వక్కడే ఉండు. కాళ్ళు రాకపోయినా గొంతు రావచ్చు. ఇచ్చిన మాట నీది, ఆ మాట నువ్వే ముగించాలి. గట్టిగా చెప్పు, నాకు కొంచెం చెవుడు."

కాఫీ బడ్డీ ఆమె మెట్ల దాకా వచ్చి చూస్తోంది. ఎవరో ముగ్గురు సందర్శకులు కెమెరాలు దించి నిలబడ్డారు. రనైవు టోపీ తీశాడు. గడప ఇవతల, రాతి అంచుకు బూట్లు ఆనించి నిలబడ్డాడు. ప్రార్థనకు లేచినప్పుడు ఎలా నిలబడతాడో అలాగే.

"తల్లీ బిడ్డా దక్కారు," అన్నాడు. అవ్వ చెవికి చెయ్యి ఆనించింది. మళ్ళీ గట్టిగా అన్నాడు. "తల్లి ఇంట్లో ఉంది, నన్ను తిడుతోంది. బిడ్డ ఇదుగో, నీ ముందుంది. ఆలస్యమైంది, క్షమించు. విన్నవాళ్ళందరికీ."

అవ్వ తలూపింది. చేతులు పైకెత్తి ముందు సృష్టికర్తను పిలిచింది. ఆ పేరు రనైవుకు తెలిసిన పేరే, ఆదివారం పాటల్లో ఉండే పేరే. తర్వాత కొండదొరలను ఒక్కొక్కరినీ, ఇంట్లో పెద్దవాళ్ళను భోజనానికి పిలిచినట్టు పిలిచింది. మియాలీ మూత తిప్పి సీసా వంచింది.

లీచీపూల తేనె చిక్కన. తొందరపెడితే రాదు. ఎండలో బంగారపు దారంలా దిగి, నల్లరాయి మీద చుట్టలు చుట్టుకుంటూ పరుచుకుంది. మియాలీ సీసా నిటారుగా ఎత్తబోతుంటే అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. సీసాను పూర్తిగా బోర్లించింది. అడుగున అంటుకున్న ఆఖరి బొట్టు జారి, అంచుదాకా వచ్చి, వేలాడి, వేలాడి, రాలి రాయి మీద పడేదాకా లోపల ముగ్గురూ, గడప ఇవతల రనైవూ కదలకుండా నిలబడ్డారు.